పెసలకు ముగ్గురి వైద్యం

ఆ రోజుకు వంటావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే టీ తాగి, కూతురింటి పెరట్లో ఎండ పడే చోట చాప వేసుకుని, పాత దిండ్లు విప్పి, లోపలి దూది ఆరబోసి, సాయంత్రానికి మళ్ళీ కుట్టేయాలి. అంతే. ఎవరి జోలికీ పోదలుచుకోలేదు. ఈ మాట ఆవిడ తరువాత చాలామందితో చాలాసార్లు చెప్పుకుంది. ఎవరూ నమ్మలేదు గానీ, అది నిజమే.

ఆవిడ ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో బతుకంతా గరిటె తిప్పిన మనిషి. పని మానేశాక కూతురి దగ్గరికొచ్చి ఉంటోంది. కూతురికి చిన్నప్పటి నుంచీ ఊపిరి ఇబ్బంది. కాస్త పొగ తగిలినా, కాస్త ఘాటు తగిలినా డొక్కలు ఎగరేసుకుంటూ కూర్చుంటుంది. అల్లుడు రైతుల సంఘం వాళ్ళ విత్తనాల గిడ్డంగిని చూసుకుంటాడు. ఆ గిడ్డంగి గోడకు ఆనుకుని కట్టిన రెండు గదులే వాళ్ళ కాపురం. ఆ గదులు ఉద్యోగంతో వచ్చినవి, ఉద్యోగం పోతే పోయేవి.

అల్లుణ్ణి వీధి వీధంతా 'గంభీరం' అని పిలుస్తుంది. ఎవరింట్లోనో బిడ్డ పుట్టిందన్న కబురు ఆయన చెప్పినా సరే, ఆ ముఖం చూసి వినేవాళ్ళు ముందుగా కూర్చోడానికి చోటు వెతుక్కుంటారు. మనిషి మాత్రం బంగారం. అత్తగారంటే ఆయనకు ఎంత గౌరవమంటే, పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడతో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగడు. ఆవిడకూ అల్లుడంటే అంతే గౌరవం. ముగ్గురూ ఒక్క గదిలో మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నా, మాట కూతురి మీదుగా పోవాలి, కూతురి మీదుగానే రావాలి.

పోయినేడు గిడ్డంగిలోని పెసలకు పెంకు పురుగు పట్టింది. సంఘం అధ్యక్షుడి మేనల్లుడు ఎక్కడి నుంచో మందుబిళ్ళలు తెచ్చి మూటల మధ్య పెట్టించాడు. పురుగులు చచ్చాయి, కాదనలేం. కానీ ఆ గాలి గోడ సందుల్లోంచి ఇవతలికి వచ్చి కూతురు ఆసుపత్రి పాలైంది. ఆ నాలుగు రోజులు అల్లుడు మంచం పక్కన నిలబడ్డ తీరు వంటావిడ ఇప్పటికీ మరిచిపోలేదు. కూర్చోమంటే కూర్చోడు, తినమంటే తినడు. ఇంటికి తిరిగొచ్చాక సంఘం సమావేశానికి వెళ్ళి, "ఇకమీద బిళ్ళలు వద్దు. వేపనూనెతో, ఎండిన ఆకులతో విత్తనం కాపాడతాను. తనిఖీలో ఒక్క పురుగు కనపడినా తాళంచెవి నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను" అన్నాడు. ఎందుకలా అంటున్నాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంటి బాధలు సభలో చెప్పుకోవడం ఆయనకు చేతకాదు. ఆ ఉద్యోగం మీదా, ఆ రెండు గదుల మీదా కన్నేసి ఉన్న మేనల్లుడు మాత్రం ఆ మాట జాగ్రత్తగా గుర్తు పెట్టుకున్నాడు.

ఆ తనిఖీ ఇక రేపే.

వంటావిడ మొదటి దిండు కుట్లు విప్పుతుండగా అల్లుడు గిడ్డంగిలోంచి బయటికొచ్చి, పెరటి మధ్యలో నిలబడి, భార్య కేసి చూసి అన్నాడు.

"మీ అమ్మగారిని అడుగు, కింద పరిచే పెద్ద పట్టా ఏదైనా ఉందేమో."

"ఎందుకో అడగవే," అంది వంటావిడ, కూతురి కేసే చూస్తూ.

"ఒక పురుగు కనపడిందని చెప్పు."

రేపు తనిఖీ, ఇవాళ పురుగు! వంటావిడ దిండు అక్కడే పడేసి లేచి, మంచం కింద మడిచి పెట్టిన పట్టా లాగి తెచ్చి, దులిపి, నేరుగా అల్లుడి చేతికివ్వకుండా కూతురి చేతికిచ్చింది.

అల్లుడు మూటలన్నీ విప్పి గిడ్డంగి నేల మీద ఆ పట్టా పరిచి కుప్ప పోశాడు. వేపనూనె కొద్దికొద్దిగా అరచేతిలో వేసుకుని, చంటిపిల్లకు రాసినట్టు గింజలకు పట్టించడం మొదలుపెట్టాడు. గది నిండా చేదు వాసన కమ్ముకుంది. కాసేపటికి కుప్ప అడుగు నుంచి ఒకటీ అరా పెంకు పురుగులు బయటికొచ్చి, గునగునా నడుచుకుంటూ గోడ వైపు పోసాగాయి. వంటావిడ గుమ్మంలో నిలబడి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"నూనె పట్టిన గింజ మీద పురుగు గుడ్డు పెట్టలేదు. చావదు, విసిగి వెళ్ళిపోతుంది," అన్నాడు అల్లుడు భార్యతో. "నన్ను సంఘం ఆఫీసుకు రమ్మన్నారు. సాయంత్రం వచ్చి మూటలు కడతాను. అంతదాకా ఎవరూ ముట్టుకోవద్దని మీ అమ్మగారికి చెప్పు."

"నేనెందుకు ముట్టుకుంటానే! నా దిండ్లు నాకున్నాయి," అంది వంటావిడ.

ఆయన చొక్కా మార్చుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ మళ్ళీ దూది ముందు కూర్చుంది. అప్పుడు కొడుకొచ్చాడు.

కొడుకు ఊరి పార్కులో తోటమాలి. పనికి పోతూ పోతూ అక్కను చూసి వెళ్ళడం వాడికి అలవాటు. సైకిలు వెనక మందు కొట్టే డబ్బా ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. వాడు గిడ్డంగిలోకి తొంగి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఇవి చావలేదే! ఊరేగుతున్నాయి!"

"చావవుటరా. విసిగి వెళ్ళిపోతాయట. మీ బావగారు చెప్పారు."

"ఎక్కడికి వెళ్తాయి? గోడెక్కి కూర్చుంటాయి. రేపు అధికారులు రాగానే గడప మీద వరసగా నిలబడి స్వాగతం చెప్తాయి."

వంటావిడకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమే కదా. పురుగు గింజలో కనపడితేనేం, గోడ మీద కనపడితేనేం? ఒక్కటి కనపడినా తాళంచెవి ఇచ్చేస్తానని కదా ఆయన అన్నది!

"నా దగ్గర మందుంది," అన్నాడు కొడుకు డబ్బా దించుతూ. "వేపగింజల కషాయం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు. అన్నీ నూరి కలిపాను. గులాబీల మీద పేనుబంక దీని ధాటికి ఒక్క పూట నిలవలేదు. ఇది కూడా ఆకు మందే అమ్మా, బావగారి మాటకేం అడ్డం రాదు."

"ముట్టుకోవద్దన్నార్రా."

"నేను ముట్టుకుంటానా? దూరం నుంచి కొడతాను."

ఇందులో తప్పెక్కడుందో వంటావిడకు తట్టలేదు. తోటమాలి బుర్రకు తోటే కనపడుతుంది. వాడి లెక్కలో పురుగు పట్టినది ఏదైనా సరే, దాని మీద మందు కొట్టాలి. ఆ పట్టా మీద ఉన్నది కుండీలో మొక్క కాదు, కుప్పగా పోసిన గింజ అన్న సంగతి వాడికి ఆ క్షణాన గుర్తుకు రాలేదు. కుప్పంతా తిరగేసి, తడిసేలా, మనసారా కొట్టాడు. గోడలు కూడా వదల్లేదు.

ఆ తరువాత ఆ గదిలో నిలబడగలిగిన ప్రాణి లేదు. పురుగుల మాట సరే, కొడుకే కళ్ళు నులుముకుంటూ గోడ పట్టుకుని బయటికొచ్చాడు. వంటావిడకు తుమ్ము మీద తుమ్ము. ఇవతలి గదిలో కూతురు దగ్గడం మొదలుపెట్టింది. వంటావిడ పరుగున వెళ్ళి కూతుర్ని చెయ్యి పట్టుకుని లేపి, ఎదురింటి దర్జీ వాళ్ళింట్లో కూర్చోబెట్టి, "సాయంత్రం దాకా ఇటు రాకే తల్లీ, నేను చూసుకుంటాను" అని చెప్పి వచ్చింది.

తిరిగొచ్చేసరికి కొడుకు సైకిలెక్కుతున్నాడు.

"ఒక్క పురుగు లేదమ్మా! ఎండకు ఆరిపోతుంది, నువ్వేం కంగారు పడకు."

"గదిలో ఎండెక్కడిదిరా!" అని ఆవిడ అరిచేలోపు వాడు వీధి మలుపు తిరిగిపోయాడు.

ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గిడ్డంగిలోకి వెళ్ళింది. పురుగు లేని మాట నిజం. కానీ గుప్పెడు గింజలు తీసి వాసన చూస్తే మాత్రం కళ్ళల్లోంచి నీళ్ళు ధారలుగా కారాయి. పట్టా మీద పోసి ఉన్నది వచ్చే పంటకు విత్తనం. లోపల ప్రాణమున్న గింజ. ఇంత కారం, ఇంత ఘాటు తాగాక ఇక అది మొలుస్తుందా? రేపు అధికారి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే అల్లుడి పరువేం కావాలి? విత్తనం చచ్చిపోయిందంటే పురుగు లేకపోయినా ఉద్యోగం ఉంటుందా? ఎవరినైనా అడుగుదామంటే కూతురికి చెప్పకూడదు, చెబితే బెంగతోనే ఊపిరాడదు. కూతురు లేకుండా అల్లుడితో మాట్లాడే దారి లేదు. ఫోను చెయ్యడమంటే నేరుగా మాట్లాడటమే కదా, అది ఆవిడ ఊహకు కూడా అందని పని.

క్యాంటీన్లో ఉన్నన్నాళ్ళూ ఏ బస్తాలో ఏ దుమ్ము పడినా, ఏ పప్పుకు ఏ వాసన పట్టినా ఆవిడ చేతులు ఒకే పని చేసేవి. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ చేతులకే తెలుసు. పెరట్లో కుళాయి ఉంది. అటక మీద గంగాళం ఉంది.

కడిగేసింది.

ఎంత బాగా కడిగిందనీ! గంగాళంలో పోసి, రెండు చేతులా కలియబెట్టి, నీళ్ళు వంపి, మళ్ళీ పోసి, మళ్ళీ వంపి, పచ్చటి చేదు నీళ్ళు కాలవ కట్టి వీధి మురుక్కాలవలోకి పోయేదాకా వదల్లేదు. వయసు మళ్ళిన మనిషి, నడుం విరిగిపోతున్నా ఆగలేదు. గింజ వాసన పోయింది, కారం పోయింది, దాంతో పాటు అల్లుడు పొద్దున రాసిన నూనె కూడా పోయింది. కడిగిన పెసలు పట్టా మీద తళతళలాడుతుంటే ఆవిడకు కాసేపు గర్వంగా కూడా అనిపించింది.

ఇక ఆరబెట్టాలి. తలెత్తి చూస్తే మబ్బు పట్టింది. చినుకులు మొదలయ్యాయి. అల్లుడు వచ్చే వేళ దగ్గర పడింది. కాళ్ళూ చేతులూ ఆడక, ఉన్న గింజంతా ప్లాస్టిక్ గోతాల్లోకి ఎత్తి, మూతులు బిగించి కుట్టి, పైన తడి లేకుండా కొంగుతో తుడిచి, నేల తుడిచి, గోడకు వరసగా నిలబెట్టింది. రేపు పొద్దున్నే ఎండ రాగానే ఏదో సాకు చెప్పి ఆరబోస్తే సరి అనుకుంది. ఆవిడ క్యాంటీన్లో నానబెట్టిన పెసలు గంట తిరిగేసరికి పొయ్యి మీదుండేవి. ఓ రాత్రంతా నీళ్ళు పీల్చుకుని ఊరికే కూర్చున్న పెసలు ఏం చేస్తాయో చూసే అవకాశం ఆవిడకు ఎప్పుడూ రాలేదు.

అల్లుడు వచ్చాడు. గిడ్డంగి తలుపు తీసి, తుడిచిన నేలా, కుట్టిన మూటలూ చూసి అలాగే నిలబడిపోయాడు. వెనకాలే దర్జీ ఇంటి నుంచి కూతురొచ్చింది.

"ఇదంతా మీ అమ్మగారే చేశారా?"

కూతురు తల్లి కేసి చూసింది. వంటావిడ నేల చూపులు చూసింది.

"ఈ వయసులో ఆవిడకు ఇంత శ్రమ ఇచ్చినందుకు నాకు సిగ్గుగా ఉందని చెప్పు," అన్నాడు అల్లుడు.

ఆ ఒక్క మాటతో వంటావిడ నోరు కట్టుబడిపోయింది. నిజం చెప్పడానికి అదే చివరి సందు, అది కూడా మూసుకుపోయింది. ముట్టుకోవద్దని తను చెప్పి వెళ్ళిన సంగతి అల్లుడికి గుర్తుండే ఉంటుంది. కానీ అత్తగారు కుట్టిన మూట విప్పి చూడటమంటే ఆవిడను అనుమానించడమే అవుతుంది. ఆయన విప్పలేదు. ఒక మూటను జరిపి చూసి, "ఈ ఏడు గింజ మంచి బరువుంది" అన్నాడు. తరువాత తన వంతు జాగ్రత్తలు తను తీసుకున్నాడు. బయటి పురుగు లోపలికి రాకుండా మూటలన్నీ ఒకదాన్నొకటి ఆనుకునేలా పేర్చి, మధ్య మధ్య ఎండిన వేపాకు పరిచి, పైన దళసరి దుప్పట్లు కప్పి, కిటికీ బిగించి, తాళం వేసి, తాళంచెవి మొల తాడుకు కట్టుకున్నాడు.

పెసలకు అంతకంటే వెచ్చటి పడక ఎవరూ వెయ్యలేరు.

తెల్లారింది. ఎండ బ్రహ్మాండంగా కాసింది. వంటావిడ కూతురి చెవిలో, "గది ఒక్కసారి తియ్యమనవే" అంది. "తనిఖీ వాళ్ళు వచ్చేదాకా తియ్యకూడదు, పురుగు దూరుతుందని చెప్పు" అన్నాడు అల్లుడు. ఆవిడ కాసేపాగి మళ్ళీ అడిగించింది. ఆయన మళ్ళీ అదే అన్నాడు. మూడోసారి అడిగించడానికి నోరు తెరిచేసరికి గోడ అవతల "టప్" మని ఏదో తెగింది. కాసేపటికి మళ్ళీ "టప్".

అల్లుడు తాళం తీశాడు. లోపల వంటింట్లోలా వేడిగా ఉంది. మూటలన్నీ బిర్రుగా ఉబ్బిపోయి ఉన్నాయి. రెండింటి మూతి కుట్లు తెగి, ఆ సందుల్లోంచి తెల్లటి తోకలు వేసుకున్న పెసలు బయటికి తొంగి చూస్తున్నాయి. అల్లుడు మోకాళ్ళ మీద కూలబడి మూట తరువాత మూట విప్పాడు. అన్నీ అంతే. ఆయన ముఖంలో మాత్రం కొత్తగా ఏమీ కనపడలేదు, అది ఎప్పుడూ అలాగే ఉంటుంది కాబట్టి.

వంటావిడ గోడకు ఆనుకుని నిలబడి, కూతురితో అంతా చెప్పేసింది. తమ్ముడి మందు, కారం, గంగాళం, అన్నీ. కూతురు ఏడుస్తూ ఒక్కొక్క మాటే మొగుడికి చేరవేసింది, పక్కనే ఉండి ఆయన అంతా వింటున్నా సరే. అంతా విని ఆయన, "మీ అమ్మగారిని లోపలికెళ్ళి కాసేపు పడుకోమను. రాత్రంతా నిద్రపోయినట్టు లేరు" అన్నాడు. తిట్టినా బాగుండేదనుకుంది ఆవిడ. నా కూతురింటిని నా చేతులతో నేనే కడిగి కాలవలో పోశానని లోపల ముసుగు పెట్టి ఏడ్చింది.

గుమ్మంలో తల వంచుకుని కూర్చున్న గంభీరాన్నీ, పక్కనే కళ్ళు తుడుచుకుంటున్న ఆయన భార్యనూ ఎదురింటి దర్జీ చూశాడు. మెడలో వేలాడే టేపు తీసి మర్యాదగా జేబులో పెట్టుకుని వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"పెద్దావిడేనా?"

"ఆవిణ్ణి ఏమీ అనకండి," అన్నాడు గంభీరం.

"అయ్యో, అనేదేముంది బాబూ. దేవత లాంటి మనిషి. ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నమే మొదలైందట. మాకు తెలియలేదు."

"బాధ పడ్డారా?"

"ఇంకా పడుతున్నారు."

దర్జీ బిత్తరపోయి చూస్తుండగా వంటావిడ చీపురు పట్టుకుని బయటికొచ్చి, "తనిఖీ వాళ్ళొచ్చే వేళైంది, గుమ్మం ఊడవాలి, కాస్త జరుగు నాయనా" అంది. దర్జీ జరిగాడు. జరిగి, మళ్ళీ ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు.

తనిఖీకి అధ్యక్షుడూ, సంఘం సభ్యులూ, విత్తనాలు పరీక్షించే అధికారిణీ వచ్చారు. మేనల్లుడు బిళ్ళల డబ్బా చంకలో పెట్టుకుని వచ్చి, ఇంటి కిటికీలకు ఎంతెంత తెరలు కావాలో అప్పుడే కళ్ళతో కొలుచుకుంటున్నాడు. గంభీరం మొల తాడు నుంచి తాళంచెవి విప్పి అధ్యక్షుడి చేతిలో పెట్టాడు.

"పురుగు లేదు. విత్తనమూ లేదు. లోపలికెళ్ళి చూడండి."

అధికారిణి లోపలికి వెళ్ళి తుమ్మింది. టార్చి వేసి గోడలు చూసింది, సందులు చూసింది, మూటల అడుగున చూసింది. చీమ కూడా లేదు. అధ్యక్షుడు మొలకలు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏం చేశావయ్యా వీటిని!"

"వేపనూనె రాశాను."

"నూనె రాస్తే మొలకలొస్తాయా? ఇంకేం చేశావు? ఎవరు చేశారు?"

"ఏం జరిగినా నా చేతుల మీదుగానే జరిగింది," అన్నాడు గంభీరం.

గుమ్మం పక్కన నిలబడ్డ వంటావిడ ఇక పట్టలేకపోయింది. చీపురు వదిలేసి, అందరినీ తోసుకుంటూ లోపలికొచ్చి, అల్లుడి ఎదురుగా నిలబడింది.

"అల్లుడు గారూ, మీరు అబద్ధమాడకండి!"

గంభీరం ఉలిక్కిపడి, నిలబడి ఉన్నవాడే ఇంకా నిటారుగా నిలబడ్డాడు. "మీరు ఊరుకోండి అత్తయ్యగారూ."

"ఊరుకోను!"

మధ్యలో కూతురు పనిలేకుండా పోయి, ఒకసారి తల్లి ముఖమూ ఒకసారి మొగుడి ముఖమూ చూస్తూ నిలబడింది.

"తప్పు నాదండీ," అంది వంటావిడ అధ్యక్షుడి వైపు తిరిగి. "కడిగింది నేను. మందు కొట్టింది నా కొడుకు. ఈయనేం చెయ్యలేదు. ఆ బిళ్ళలు ఎందుకొద్దన్నారో మీకు ఒక్కరికైనా తెలుసా? పోయినేడు ఆ గాలికి నా కూతురి పెదాలు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఈయన కూర్చోలేదు. దాని ఊపిరి కోసం మీ అందరి ముందూ అంత మాట అన్నారు. ఈయన్ని పంపించేస్తే దాన్ని తీసుకుని ఎక్కడికి పోతారండీ?"

అధ్యక్షుడు కూతురి కేసి చూసి తల దించుకున్నాడు. మేనల్లుడు చంకలోని డబ్బాను మెల్లిగా వీపు వెనక్కి మార్చుకున్నాడు.

"మీరేమంటారు?" అన్నాడు అధ్యక్షుడు అధికారిణితో, చివరికి.

"నేను చూసేవి రెండే. పురుగుందా, మొలకొస్తుందా? పురుగు లేదు. ఇక మొలక..." ఆవిడ దోసెడు గింజలు తీసి ఆయన ముందు పట్టింది. "ఇందులో మొలవని గింజ ఒకటి వెతికివ్వండి."

సభ్యులంతా మూటల చుట్టూ కూర్చుని, కళ్ళద్దాలు సవరించుకుని, మహా శ్రద్ధగా వెతికారు. దొరకలేదు.

"అయినా విత్తనాన్ని ఇలా చేసినవాడి చేతిలో మళ్ళీ తాళంచెవి ఎలా పెడతాం?" అన్నాడు అధ్యక్షుడు. ఆయన గొంతులో ఇదివరకటి పట్టు లేదు. కానీ పక్కన మేనల్లుడు మోచేత్తో పొడుస్తున్నాడు. "ఇదిగో, నువ్వు తీసుకో." మేనల్లుడు తాళంచెవి అందుకున్నాడు. వంటావిడ కళ్ళు మూసుకుంది.

"అయితే వీటి బాధ్యత ఇప్పటి నుంచి మీది," అంది అధికారిణి మేనల్లుడితో. "నిన్నటి చినుకుకు నేల పదునుగానే ఉంది. ఇవాళ పొద్దుపోయేలోగా ఇవన్నీ నేలలో పడితే బతుకుతాయి. రేపటికి కుళ్ళుతాయి. ప్రతి రైతింటికీ మీరే వెళ్ళాలి. విత్తనం ఎందుకు మొలకెత్తిందో మీరే చెప్పాలి, చెప్పి ఒప్పించాలి. తోకలు విరగకుండా మీ చేతులతోనే కొలిచి ఇవ్వాలి. మొలవకపోతే వాళ్ళు అడిగేదీ మిమ్మల్నే."

సరిగ్గా అప్పుడే మేనల్లుడి పక్కనున్న మూట కుట్టు "టప్" మని తెగి, వెచ్చటి మొలకలు చెప్పుల నిండా పడ్డాయి.

"మామయ్యా, నాకు దుమ్ము పడదు," అన్నాడు.

"దుమ్మెక్కడుందిరా? అంతా తడేగా!"

"తడి అసలే పడదు."

తాళంచెవి మళ్ళీ అధ్యక్షుడి చేతికొచ్చింది. ఆయన సభ్యుల వైపు చాపాడు. ఒకాయనకు నడుం నొప్పి గుర్తొచ్చింది. ఇంకొకాయన కొట్టు తాళం వెయ్యకుండా వచ్చానని చెప్పి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు తమ మనిషికి ఇప్పించుకోవాలని చూసిన తాళంచెవి అందరి ముందూ తిరిగి, ఏ చెయ్యీ పట్టక, గంభీరం దగ్గరికొచ్చి ఆగింది.

"నీదే ఉంచవయ్యా బాబూ," అన్నాడు అధ్యక్షుడు, దాదాపు బతిమాలుతూ. "బిళ్ళల మాట మళ్ళీ ఈ గుమ్మంలో ఎత్తం."

గంభీరం తాళంచెవి తీసుకుని మొల తాడుకు కట్టుకున్నాడు. తరువాత, అందరూ చూస్తుండగా, వంటావిడ వైపు తిరిగాడు.

"అత్తయ్యగారూ, గంపలు ఎక్కడున్నాయి?"

"అటక మీద ఉన్నాయి బాబూ," అంది ఆవిడ.

కబురందిన రైతులు బళ్ళతో, సైకిళ్ళతో, గంపలతో వచ్చారు. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, అందరూ తుమ్మారు. వంటావిడ కొంగు బిగించి, తోకలు విరగకుండా గరిటెతో ఎత్తి పోసింది. తోటమాలి కొడుకు తలెత్తకుండా మోసి పెట్టాడు. పొద్దు వాలేలోగా గిడ్డంగి ఖాళీ అయింది. వారం తిరిగేసరికి చేలు పచ్చబడ్డాయి. మొలిచిన చేను మీద కోపం నిలుపుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ఆ నాటి నుంచి ఆ గిడ్డంగి మీద కన్ను వేసినవాళ్ళు పురుగులు తప్ప మరెవరూ లేరు.